పావురాల లెక్క

గొలుసు దిగుతోంది.
ఆరు రోజులుగా, కిటికీ గట్టు మీది రౌటర్ గుండా,
మంచు పట్టిన అద్దానికీ ఉప్పునీటి దోసకాయల సీసాకీ మధ్య నుంచి,
ఆరువందల చిల్లర గిగాబైట్లు.
రాత్రి అరవై ఒకటి దగ్గర ఆగింది.
టీ మరిగేలోగా అరవై రెండు.

నేను కుల్యాష్‌ని. ఇరవై రెండేళ్లు ఈ బొగ్గు పట్నంలో
కరెంటు మీటర్లు చూసినదాన్ని.
చక్రం తిరిగే తీరు చూసి
ఆ ఇంట్లో పెళ్లో, దొంగ హీటరో చెప్పేదాన్ని.
ఇప్పుడు జిల్లా ఆఫీసువాళ్లు అడిగారు:
లోకం మొత్తమ్మీద ఈ నాణేల తవ్వకం ఎంత కరెంటు తాగుతుంది,
అందులో మన స్తెప్పీ మైదానం వాటా ఎంత?
ఒక పేజీ మించకూడదు.

అన్నీ ఉన్నాయి ఇందులో. ఎంత, ఎటు నుంచి ఎటు,
ఏ వేళప్పుడు, అణా పైసలతో సహా.
చెరపడం లేదు, కొట్టివేత లేదు.
ఒక్క కిలోవాటు లేదు.
ఒక్క బొగ్గు పెళ్ల లేదు.
ఇన్ని కోట్ల పద్దుల్లో ఎక్కడా మసి అంటలేదు.

అందుకని చుట్టుదారిన వెళ్లాలి.
కఠినత అని ఒక అంకె, రెండు వారాలకోసారి మారుతుంది.
దాన్ని తీసుకుని, రెండుని ముప్ఫై రెండుసార్లు పేర్చి గుణించి,
ఆరువందలతో భాగిస్తే
సెకనుకి భూమ్మీద ఎన్ని పాచికలు పడుతున్నాయో వస్తుంది.
సున్నాలు పట్టక కాగితం అడ్డం తిప్పాను.
ఒక్కో పాచికకి ఎంత కరెంటు?
యంత్రాన్ని బట్టి.
ఏ యంత్రం?
అది ఎవరూ చెప్పరు.
అన్నీ కొత్తవే అనుకుంటే ఒక అంకె,
అన్నీ పాతవే అనుకుంటే దానికి మూడింతలు.
ఆ రెండిటి నడుమ ఒక చిన్న దేశం పడుతుంది,
దాని రైళ్లతో, ఆస్పత్రులతో, వీధి దీపాలతో.

జుమతాయ్‌ని అడిగాను. మా పెద్దమ్మ కొడుకు,
పాత ఇటుకల గిడ్డంగికి రాత్రి కాపలా.
"ఎన్ని యంత్రాలు?"
"చెవులు దిబ్బళ్లు పడేటన్ని. నన్నూ లోపలికి రానివ్వరు.
పావురాలని లెక్కపెట్టుకో."
మైనస్ ముప్ఫై నాలుగులో ఊళ్లో పిట్ట కనపడదు,
ఫ్యాన్లు గాలి వదిలే రేకుల వసారాలో మాత్రం
వరసగా, రెక్కలు వదులు చేసుకుని.
మొన్న నూట పది. కొత్త లారీ వచ్చాక నూట నలభై.

నవ్వాను. కాకిలెక్కలు విన్నాను గాని ఇదేమిటని.
ఆ రాత్రే వెళ్లి
వసారా చుట్టూ మంచు కరిగిన నేలని అడుగులతో కొలిచాను.
కరెంటు ఎక్కడికీ పోదు,
ఎన్ని పాచికలేసినా చివరికి వేడే.
ఇరవై ఏడు అడుగుల నల్లమట్టి.
నడి జనవరిలో రెండు గడ్డిపోచలు.

ఇది పైపు పగలకముందు మాట.

పదిహేడో తారీఖు రాత్రి వేడినీళ్ల పెద్ద గొట్టం పగిలింది.
మా వీధి అపార్టుమెంట్లలో రేడియేటర్లు శవాల్లా చల్లబడ్డాయి.
గోడకి లోపలివైపు మంచు.
మూడో అంతస్తు లిద్యా కవలల్ని కోట్లలో చుట్టి మెట్ల మీద నిలబడింది,
ఎటు దిగాలో తెలీక.
జుమతాయ్ ఎవర్నీ అడక్కుండా వెనక గేటు తీశాడు.
పదకొండుమంది పిల్లలు, ఒక కుక్క.
పావురాలు కాస్త జరిగాయి.
ఉన్ని బూట్లు ఫ్యాను ముందు ఆరబెట్టుకుని
ఆ హోరులోనే నిద్రపోయారు.
జుమతాయ్‌కి వారం జీతం కోశారు.

గొలుసులో ఆ రాత్రి వెతికాను.
ఒక బ్లాకు నలభై ఒక్క నిమిషాలకి వచ్చింది.
ఒళ్లు జలదరించింది.
తర్వాత గణితం గుర్తొచ్చింది:
పాచికలన్నాక అప్పుడప్పుడూ ఆలస్యమవుతాయి.
దానికి మా వీధి తెలీదు.

ఆఫీసు కాగితంలో ఒక గడి ఉంది,
వృథాగా పోయిన వేడి అని.
గిడ్డంగి అంకె వేశాను. పక్కన పదకొండు అని రాశాను.
కొట్టేశాను. మళ్లీ రాశాను.
కాగితం గనక వీలైంది.

సాయంత్రానికి తెర నూరు శాతం అంది.
కళ్లజోడు వెతుక్కునేలోగా,
ఒక బ్లాకు వెనక, అంది.